వన్స్ మోర్ పడ్డాక హార్మోనియం ఏం చేస్తుంది?

వీడియో గేమ్‌ల రూపకల్పన చదువుకుంటున్న విద్యార్థి, ఆ చదువులో భాగంగానే నాటకానికి శబ్దం సమకూర్చడం కూడా నేర్చుకోవాలా, అక్కర్లేదా అన్నది ఇక్కడి వాదం. వాదించేది ఇద్దరు. ఒకరు పద్యనాటకాలూ సాంఘిక నాటకాలూ ఆడించిన మాస్టారు. రెండో ఆమె ఆయన దగ్గర నాటకం చదువుకుని, ఇప్పుడు గేమ్ డిజైన్ పాఠాలు చెబుతున్న శిష్యురాలు. నా పక్షం ఆమె పక్షమే. కాని మాస్టారి ఆక్షేపణలు తోసెయ్యదగ్గవి కావు. వాటిని ఉన్న బలంతోనే పెట్టాను.

మాస్టారు: ముందు కాలం లెక్క చూడమ్మా. గేమ్ డిజైన్ అన్నదే ఒక్క విద్య కాదు. నియమాలు కట్టాలి. ఆ నియమాల మధ్య ఆడేవాడికి ఎక్కడ విసుగు పుడుతుందో, ఎక్కడ ఉక్కిరిబిక్కిరి అవుతాడో ఊహించాలి. కాగితం మీద నమూనా గీసి పదిమంది చేత ఆడించి చూడాలి. ఇంజిన్ మీద చెయ్యి తిరగాలి, ప్రోగ్రామింగ్ కొంతైనా రావాలి. ఉన్న నాలుగేళ్ళలో ఇవే ఇమడక అవస్థ పడుతుంటే, నువ్వు పైన నాటకం శబ్దం కూడా పెడదామంటున్నావు. దానికి హాలు కావాలి, నటులు కావాలి, రిహార్సళ్ళు కావాలి. రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు కుర్రాడు. శబ్దమే నేర్పాలనుకుంటే మన హైదరాబాద్‌లో సినిమా ఉంది. అడుగుల చప్పుళ్ళు, గాజుల మోతలు కూర్చే ఫోలీ కళాకారులున్నారు, మిక్సింగ్ గదులున్నాయి, చేసిన పనికి డబ్బూ ఉంది. ఆ గుమ్మం వదిలేసి, తన సౌండ్ మనిషికి బస్సు చార్జీ ఇవ్వడానికే తడుముకునే నాటకం దగ్గరికి పంపడం ఎందుకు?

శిష్యురాలు: సినిమా దగ్గర్నుంచే మొదలెడతాను మాస్టారూ, ఎందుకంటే అందరికీ ముందు తట్టేది అదే. గేమ్ కూడా తెర మీదే కనిపిస్తుంది కాబట్టి దానికి సినిమా శబ్దమే దగ్గరి చుట్టం అనుకుంటారు. కాని శబ్దం చేసేవాడికి తెర ముఖ్యం కాదు, కాలం ముఖ్యం. సినిమా సౌండ్ మనిషి చేతికొచ్చేసరికి ఎడిటింగ్ అయిపోయి ఉంటుంది. క్షణానికి 24 ఫ్రేములు. తలుపు ఏ ఫ్రేములో మూసుకుంటుందో తెలుసు, ఎల్లుండి చూసినా పదేళ్ళ తర్వాత చూసినా ఆ ఫ్రేములోనే మూసుకుంటుంది. అతను శబ్దాన్ని కాలం మీద ఒక చోట మేకు కొట్టి దిగ్గొట్టగలడు. నాటకంలో ఆ సౌకర్యం లేదు. నటి ఉత్తరం చదివి తలెత్తడానికి ఈ రాత్రి మూడు క్షణాలు తీసుకుంటుంది, రేపు రాత్రి ప్రేక్షకుల నిశ్శబ్దం బాగుంటే ఏడు క్షణాలు తీసుకుంటుంది. బయట కుక్క మొరగాల్సింది ఆమె తలెత్తాకే. అందుకే నాటకంలో శబ్దాన్ని నిమిషాల మీద రాయరు, సంఘటనల మీద రాస్తారు. ఫలానా మాట అయ్యాక, ఫలానా అడుగు పడ్డాక అని. స్టేజ్ మేనేజర్ స్టాండ్‌బై అంటాడు, గో అంటాడు, ఆపరేటర్ మీట నొక్కుతాడు. గేమ్‌లోనూ అంతే. ఆడేవాడు గుహలోకి పరుగెత్తవచ్చు, గుహ ముందు పావుగంట నిలబడి గోడలు చూస్తూ ఉండవచ్చు. గుహ లోపలి నీటిచుక్కల శబ్దం ఎన్నో నిమిషంలో మొదలవ్వాలో చెప్పగలిగినవాడు లేడు. ఏం జరిగితే మొదలవ్వాలో మాత్రమే చెప్పగలం. ఎఫ్‌మాడ్, వైజ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో గేమ్ శబ్దాన్ని కట్టే మూలాంశాన్ని ఈవెంట్ అనడం అందుకే. నాటకం వాళ్ళు వాడే క్యూల్యాబ్‌లో ఉండేది క్యూ. పేర్లు వేరైనా అడిగే ప్రశ్న ఒకటే, ఏం జరిగాక? ఈ ప్రశ్నను సినిమా మిక్సింగ్ గది ఎప్పుడూ అడగదు.

మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. పద్యనాటకంలో పీసపాటి నరసింహమూర్తి గారో షణ్ముఖి ఆంజనేయరాజు గారో కృష్ణుడై రాయబారం పద్యం ఎత్తుకున్నారనుకోండి. ఆలాపన ఎంతసేపు సాగుతుందో హార్మోనిస్టుకు ముందుగా తెలియదు. గాయకుడు ఏ స్వరం మీద నిలబడితే అక్కడ నిలబడాలి. అతను పై స్థాయికి వెళ్ళబోతున్నాడని మెడ కదలికలో పసిగట్టి ముందే దారి వెయ్యాలి. పద్యం ముగిశాక జనం వన్స్ మోర్ అన్నారు. అప్పుడు ఏం చెయ్యాలి? నటుడు మళ్ళీ ఎత్తుకుంటాడో లేదో తేలేదాకా శ్రుతిని గాలిలో నిలిపి ఉంచాలి, నాటకం ఆగిపోయినట్టు కాకూడదు, పద్యం మొదలైపోయినట్టూ కాకూడదు. ఎత్తుకుంటే అందుకోవాలి, ఎత్తుకోకపోతే తర్వాతి సంభాషణకు చోటిచ్చి తప్పుకోవాలి. తాను నిర్ణయించలేని కాలాన్ని తెగిపోకుండా మోయడం ఇది. గేమ్‌కు సంగీతం కట్టేవాడి రోజువారీ సమస్య కూడా అచ్చంగా ఇదే. దీన్ని మన రంగస్థలం నూరేళ్ళకు పైగా చేస్తూ వస్తోంది, పక్కనే ఉన్న ఆ విద్యను చూడకుండా మన విద్యార్థి విదేశీ ట్యుటోరియల్ వీడియోలో వెతుక్కుంటున్నాడు.

మాస్టారు: హార్మోనియం పేరెత్తి నా నోరు కట్టెయ్యాలని చూడకు. నువ్వు చెప్పిన ఉదాహరణే నా పక్షాన సాక్ష్యం చెబుతుంది. వన్స్ మోర్ పడ్డాక శ్రుతి నిలిపి ఉంచినవాడు మనిషి. అతనికి మనోధర్మం ఉంది. గాయకుడి గొంతు ఇవాళ అలిసిందని తెలిసి తాను కాస్త ఎక్కువ వాయించి కాపాడతాడు. తోలుబొమ్మలాటలో చూడు, బొమ్మను ఆడించేవాడే పాడతాడు, యుద్ధం వచ్చేసరికి కాళ్ళ కింద చెక్కను అతనే తొక్కి మోత పుట్టిస్తాడు. చెయ్యీ గొంతూ పాదమూ ఒకే మనిషివి కాబట్టే దెబ్బకీ చప్పుడుకీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉండదు. నీ యంత్రానికి ఏం ఉంది? గుహలో కాలు పెడితే నీటిచుక్కలు వినిపించు అని ముందే రాసిపెట్టిన ఒక షరతు. షరతును వినడం అనకూడదు. వినడమే తెలియని యంత్రం కోసం పనిచెయ్యబోయేవాడు వినే మనిషి పక్కన కూర్చుని నేర్చుకునేది ఏముంటుంది?

శిష్యురాలు: ఈ తేడా నిజమైనది, దీన్ని నేను చెరపను. వాదమంతా దీని మీదే నిలబెడతాను. యంత్రానికి వినడం రాదు కాబట్టే, వినడంలో ఏమేం ఉంటుందో ఎవరో ఒకరు విడదీసి దానికి రాసి ఇవ్వాలి. ఆ రాసేవాడే గేమ్ డిజైనర్. వినడం ఏమిటో తనకే తెలియనివాడు ఏం రాస్తాడు? వీడియో గేమ్‌ల చరిత్రలో మంచి శబ్దమంతా ఇలా విడదీసి రాయడం వల్లే పుట్టింది. 1978లో జపాన్‌లో తైటో కంపెనీకి తోమొహిరో నిషికాదో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌ను చూడండి. తెర మీద 55 మంది గ్రహాంతర శత్రువులు బారులు తీరి దిగుతుంటారు. శబ్దం అంటే కిందికి దిగే నాలుగు స్వరాలు, అవే తిరిగి తిరిగి వస్తాయి. ఆ రోజుల ప్రాసెసర్ అంత గుంపును గీయడానికి తడబడేది, శత్రువులు చచ్చేకొద్దీ పని తగ్గి మిగిలినవాళ్ళు జోరందుకునేవారు. నిషికాదో ఆ జోరును సరిదిద్దకుండా ఉంచేశాడు, స్వరాలు కూడా వాటితో పాటే జోరందుకున్నాయి. ఆడేవాడి పరిస్థితిని బట్టి నడక మారే సంగీతం అలా జనంలోకి వచ్చింది. నాలుగు స్వరాలే. కాని అవి ఆడేవాడి అడుగును వెంబడించాయి. ప్రమాదం దగ్గరపడిందని చెప్పడానికి మన బుర్రకథలో గుమ్మెట జోరు పెంచేవాళ్ళకు ఇందులో తెలియనిది ఏమీ లేదు.

పదమూడేళ్ళ తర్వాత, 1991లో, లూకాస్‌ఆర్ట్స్‌లో మైకేల్ ల్యాండ్, పీటర్ మెకానెల్ అనే ఇద్దరు సంగీతకారులు ఐమ్యూజ్ అనే పద్ధతిని కట్టి, మంకీ ఐలండ్ రెండో ఆటలో మొదటిసారి వాడారు. అప్పటిదాకా ఆడేవాడు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తే పాట పుటుక్కున తెగి ఇంకోటి మొదలయ్యేది. వీళ్ళు పాటలోనే నిర్ణయ స్థానాలు గుర్తుపెట్టారు. ఆడేవాడు తలుపు దాటాడని తెలిసిన వెంటనే దూకకుండా, సంగీతం చరణంలో తర్వాతి అనువైన చోటు దాకా ఆగి, అక్కడ ఒక చిన్న వంతెన వాయించి కొత్త వరసలోకి దాటుతుంది. ఆ ఆటలో వుడ్‌టిక్ అనే ఓడల ఊరుంది, ఏ ఇంట్లోకి వెళ్తే ఆ ఇంటి వాద్యంతో ఊరిపాటే మారి వినిపిస్తుంది, బయటికొస్తే తిరిగి అందులో కలిసిపోతుంది. పద్యం ఎక్కడ తెంచితే మర్యాదగా ఉంటుందో హార్మోనిస్టుకు తెలిసిన విషయాన్ని ఇద్దరు మనుషులు కూర్చుని యంత్రానికి నియమాలుగా రాశారు. వాళ్ళు సంగీతకారులు కాబట్టి రాయగలిగారు. మన గేమ్ డిజైన్ విద్యార్థుల్లో ఎక్కువమంది సంగీతకారులు కారు. వాళ్ళకు ఆ తెలివి ఎక్కడ దొరుకుతుంది? శబ్దం ఎప్పుడు రావాలన్నది ప్రతి రాత్రీ మళ్ళీ నిర్ణయించాల్సిన కుర్చీలో దొరుకుతుంది. కబుకీ నాటకంలో రంగస్థలం అంచున ఒక మనిషి పలక ముందు కూర్చుని, రెండు చెక్క దిమ్మెలతో దాని మీద కొడుతుంటాడు. నటుడు పరుగెత్తితే ఆ పరుగునూ, బిగుసుకుని భంగిమలో నిలబడితే ఆ నిలకడనూ చప్పుడుగా మారుస్తాడు. అతని కళ్ళు పలక మీద ఉండవు, నటుడి మీదే ఉంటాయి. మన విద్యార్థి అలాంటి కుర్చీలో కొన్నాళ్ళు కూర్చుంటే, తాను ఏ ఆధారంతో మీట నొక్కుతున్నాడో అతనికే తెలిసొస్తుంది. మాట పూర్తవ్వడాన్ని బట్టా, నటి ఊపిరి తీసుకోవడాన్ని బట్టా, ముందు జరిగిన క్యూ ఇంకా హాల్లో మోగుతోందా లేదా అన్నదాన్ని బట్టా? వర్షం నాలుగు క్షణాల్లో తగ్గాలా, పది క్షణాల్లోనా? ఇవన్నీ గేమ్ సాఫ్ట్‌వేర్‌లో పూరించాల్సిన గడులే. గడి ఎక్కడుందో ట్యుటోరియల్ చెబుతుంది. అందులో ఏ సంఖ్య వెయ్యాలో, ఎందుకు వెయ్యాలో చెప్పదు.

ఇంకో సంగతి, చిన్నదే. హెడ్‌ఫోన్లలో పెరిగిన విద్యార్థికి శబ్దం ప్రయాణిస్తుందన్న ఎరుక ఉండదు. మీటరు దాటడానికి శబ్దానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది, 30 మీటర్ల వెనకున్న వరసకు 90 దాకా. మధ్యలో ఇంకో స్పీకరు పెట్టి దానికి ఆ మేరకు ఆలస్యం ఇవ్వకపోతే, వెనక కూర్చున్నవాళ్ళకు నటుడి మాట స్టేజీ మీంచి కాక పక్క గోడలోంచి వచ్చినట్టుంటుంది. గేమ్‌లో దూరం, ప్రతిధ్వని, గోడ అడ్డుపడటం అన్నీ లెక్కగట్టి నటింపజేసినవే. అసలు హాలు ఎలా పలుకుతుందో విన్నవాడు ఆ నటనను నమ్మకంగా చేయించగలడు.

మాస్టారు: సరే, వినడం నేర్చుకుంటాడు. కాని ఆ నేర్చినదాన్ని ఎక్కడికి మోసుకుపోతాడు? నా అసలు బాధ ఇది. నాటకంలో శబ్దం రసం కోసం. ఒక రాత్రికి ఒకసారి మోగుతుంది, ప్రేక్షకుడు ఇంటికి మోసుకుపోతాడు. గేమ్‌లో ఒక నాణెం చప్పుడు వేలసార్లు మోగుతుంది, ఎందుకు మోగుతుందో మనిద్దరికీ తెలుసు. ఇంకోసారి ఆడించడానికి. ఫోన్లలో పిల్లలు ఆడే ఆటలు వినమ్మా, గెలిచినా ఓడినా గలగలలే. జూదం యంత్రాలకూ ఈ ఫోన్ ఆటలకూ మధ్య గోడ పలచబడుతోంది. మనసు ఏ శబ్దానికి కరుగుతుందో తెలిసిన నాటకం విద్యను తెచ్చి ఆ వ్యాపారం చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు. విద్య రాకపోతే వాళ్ళు తక్కువ నష్టం చేస్తారు.

శిష్యురాలు: ఈ మాటకు జవాబు చెప్పలేకపోతే నా పక్షం వదిలేసుకోవాల్సిందే. ముందు మీ భయానికి ఆధారం ఉందని నేనే చెబుతాను. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు స్లాట్ యంత్రాల మీద ఒక సంగతి తేల్చారు. పలు వరసల మీద పందెం కాసే యంత్రంలో రూపాయి పెట్టినవాడికి పావలా తిరిగొస్తుంది, అంటే ముప్పావలా పోయింది, అయినా యంత్రం గెలుపు సంగీతమే వాయిస్తుంది. గెలుపు వేషం వేసుకున్న ఓటములు అవి. ఆ శబ్దాల వల్ల ఆడినవాళ్ళు తాము నిజంగా గెలిచినదానికంటే ఎక్కువసార్లు గెలిచామని లెక్కవేసుకున్నారు. ఇప్పుడు నాటకం కళ్ళతో దీన్ని చూడండి. ఇందులో నేరం ఏమిటి? రంగస్థలం మీద జరిగింది ఒకటి, శబ్దం చెప్పింది ఇంకొకటి. ఏ దర్శకుడైనా రిహార్సల్‌లో దీన్ని మొదటి రోజే ఆపేస్తాడు. కొడుకు చనిపోయాడని తెలిసిన తల్లి దగ్గర పెళ్ళి సన్నాయి మోగిస్తే, అది దర్శకుడి ఉద్దేశమైతే తప్ప, నాటకంలో అది తప్పు క్యూ. నాటకంలో శబ్దం ఎప్పుడూ ఒక సంఘటనకూ ఒక మనిషికీ జవాబుదారీగా ఉంటుంది. ఆ జవాబుదారీతనాన్ని గేమ్ విద్యార్థికి నేర్పే పాఠం అతని కోర్సులో ఇంకెక్కడా లేదు. అక్కడ చెప్పేది ఫీడ్‌బ్యాక్ గురించి, ఆడేవాడు మీట నొక్కగానే తృప్తికరమైన చప్పుడు రావాలని. ఆ చప్పుడు నిజం చెబుతోందా అని అడగరు. విద్య ఇవ్వకుండా వదిలేస్తే నష్టం తగ్గుతుందన్నారు, కాని ఆ గలగలలు చెయ్యడానికి పెద్ద విద్య అక్కర్లేదు, అవి ఇప్పటికే ఉన్నాయి. అవి వద్దనడానికి విద్య కావాలి.

నిశ్శబ్దం సంగతి కూడా ఇందులోదే. 1904లో మాస్కో ఆర్ట్ థియేటర్ చేహోవ్ చెర్రీతోటను ప్రదర్శించింది. దర్శకుడు స్తానిస్లావ్‌స్కీకి రంగస్థలం వెనక కీచురాళ్ళు, కప్పలు, పక్షులు, బండ్లు అన్నీ మోగించడం ఇష్టం, చేహోవ్‌కు ఆ ఆర్భాటం నచ్చేది కాదు. ఆ చేహోవే రెండో అంకంలో ఒకే ఒక వింత శబ్దం కోరాడు, దూరాన ఆకాశంలోంచి తీగ తెగినట్టు. పాత్రలు దాన్ని విని తలా ఒక మాట అంటారు. గనిలో ఎక్కడో తొట్టి తెగిపడిందని వ్యాపారి అంటాడు, కొంగేమో అని ఇంటి యజమానురాలి సోదరుడు, గుడ్లగూబేమో అని విద్యార్థి. ఆ మూడు మాటలకూ చోటిచ్చేలా ఆ శబ్దం ఉండాలి. ఏ ఒక్కదాన్ని తేల్చి చెప్పేలా ఉన్నా మిగిలిన ఇద్దరూ మూర్ఖులైపోతారు. శబ్దాల లైబ్రరీలో తీగ అని కొట్టి దొరికిందాన్ని అతికిస్తే ఆ సన్నివేశం చచ్చిపోతుంది. గేమ్ డిజైన్ విద్యార్థికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు, ఎందుకంటే ఆడేవాడికి అర్థం వెతుక్కునే చోటు మిగల్చడమే అతని వృత్తి. తలుపు అవతల ఏముందో శబ్దమే చెప్పేస్తే ఇక తలుపు తెరవడం ఎందుకు?

ఈ రెండు రంగాలూ మంచి ఉద్దేశంతో కలిసినప్పుడు ఏం జరుగుతుందో చూశాం. 2015లో లండన్‌కు చెందిన కాంప్లిసిటే నాటక బృందం ది ఎన్‌కౌంటర్ ఆడింది. సైమన్ మెక్‌బర్నీ ఒక్కడే నటుడు, స్టేజీ మీద మనిషి తల ఆకారంలో ఒక మైకు. ప్రేక్షకులంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు, అతను ఆ మైకు చెవి దగ్గర గుసగుసలాడితే ప్రతివాళ్ళకూ తమ మెడ వెనక ఊపిరి తగిలినట్టుంటుంది. శబ్దం చేసింది గారెత్ ఫ్రై, పీట్ మాల్కిన్. 2017లో నింజా థియరీ స్టూడియో హెల్‌బ్లేడ్ అనే గేమ్‌లో ఇదే రెండు చెవుల రికార్డింగును వాడింది. భ్రాంతి స్వరాలు వినిపించే ఒక యోధురాలి కథ అది. కేంబ్రిడ్జ్ మానసిక వైద్య పరిశోధకుడు పాల్ ఫ్లెచర్‌నూ, అలాంటి స్వరాలు విన్న అనుభవం ఉన్నవాళ్ళనూ అడిగి తెలుసుకుని చేశారు. ఆ స్వరాలు ఆడేవాడి తల చుట్టూ తిరుగుతూ, వెక్కిరిస్తూ, కొన్నిసార్లు వెనకనుంచి వచ్చే శత్రువును ముందే చెబుతూ ఉంటాయి. అక్కడ శబ్దం జేబు కోసం కాదు. మీరు రసం అన్నది గేమ్‌లో పుట్టదని ఇక అనలేం. అయితే ఒకే శబ్దం వేలసార్లు వినిపించడం అన్నారే, అది నాటకం నేర్పలేని పాఠమే. ఒక్క అడుగు చప్పుడుకు పది రకాలు చేసి, వరసగా అదే రెండుసార్లు రాకుండా చూడటం గేమ్ వాళ్ళు నేర్చిన పని. ఆ పాఠం గేమ్ నుంచి నాటకానికి రావాలి. ఒకే వర్షం ఫైలును ఏ మార్పూ లేకుండా నాటకమంతా తిప్పేవాళ్ళకు అది అవసరం.

మాస్టారు: మాస్కో, లండన్ చెప్పావు. తెనాలి చెప్పు, నంద్యాల చెప్పు. మన పరిషత్తు పోటీల్లో నాటికకు గంట సమయం. ముందు నాటిక సెట్టు తీసేలోగా తర్వాతివాళ్ళు సెట్టు వెయ్యాలి. మైకులు పైనుంచి వేలాడతాయి, సంగీతం చూసేది ఒక్క మనిషి. టెక్నికల్ రిహార్సల్ అన్నమాటే ఉండదు. అక్కడ సౌండ్ డిజైనర్ అనే హోదాయే లేదు. హోదా లేని చోటికి శిక్షణకు పంపుతానంటావా?

శిష్యురాలు: హోదా లేకపోవడం మనకొక్కరికే కాదు మాస్టారూ. న్యూయార్క్‌లో టోనీ బహుమతుల వాళ్ళు 2008లో సౌండ్ డిజైన్‌కు బహుమతి మొదలుపెట్టి, 2014లో తీసేశారు. ఓటు వేసేవాళ్ళలో చాలామందికి దాన్ని ఎలా అంచనా వెయ్యాలో తెలియదన్న మాట అప్పుడు వినిపించింది. రంగస్థలం వాళ్ళు గట్టిగా నిరసించాక, 2017-18 ప్రదర్శనల ఏడాదికి తిరిగి పెట్టారు. ఎలా వినాలో తెలియనివాళ్ళకు విద్య లేనట్టే కనిపిస్తుంది. గేమ్‌ల లోకం మాత్రం రంగస్థలం విలువను మొదట్లోనే గుర్తించింది. బ్రెండా లారెల్ నాటకశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి, అటారీ కంపెనీలో పనిచేసింది, 1991లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి అనుభవాన్ని నాటకంగా చూడాలని వాదిస్తూ కంప్యూటర్స్ యాజ్ థియేటర్ అనే పుస్తకం రాసింది. 1990ల చివర కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఎంటర్‌టైన్‌మెంట్ టెక్నాలజీ సెంటర్ పెట్టినప్పుడు, దాన్ని స్థాపించినవాళ్ళలో ఒకరు కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ర్యాండీ పాష్, ఇంకొకరు నాటకశాఖ ప్రొఫెసర్ డాన్ మారినెల్లి. నాటకం వాళ్ళను అతిథి ఉపన్యాసానికి పిలవలేదు, పునాదిలోనే కూర్చోబెట్టారు.

ఇక తెనాలి సంగతి. మీరు కొరత అని చెప్పినవాటిలో కొన్నింటిని నేను పాఠం అంటాను, కొన్నింటిని కొరతే అంటాను. సెట్టు వెయ్యడానికి పది నిమిషాలే ఉన్నప్పుడు, అరవై శబ్దాలు అనుకున్న విద్యార్థి ఆరు శబ్దాలకు దిగి, ఏ ఆరు లేకపోతే నాటిక నిలబడదో తేల్చుకోవాలి. మెమరీ సరిపోని ఫోన్‌కు గేమ్ చేసేటప్పుడు వచ్చే బాధ కూడా ఇదే. టెక్నికల్ రిహార్సల్ లేకపోవడం మాత్రం కొరతే, దాన్ని గొప్పగా చెప్పను. అక్కడే గేమ్ విద్యార్థి మనకు పనికొస్తాడు. క్యూల్యాబ్ ఆపిల్ కంప్యూటర్ మీద తప్ప నడవదు, మన బృందాల్లో ఎంతమంది దగ్గర అది ఉంటుంది? గోడో లాంటి గేమ్ ఇంజిన్ ఉచితం, పాత లాప్‌టాప్ మీదా నడుస్తుంది. ఒక విద్యార్థి అందులో తెలుగులో క్యూల పట్టిక, ఒక్క మీట, నటుడు ఆగితే తానూ ఆగే వర్షం, ఇవి పెట్టి చిన్న పరికరం కట్టి ఇస్తే పరిషత్తు బృందాలకు ఎంత ఊరట! సురభి వాళ్ళు 1885లో కీచకవధతో మొదలుపెట్టినప్పటినుంచీ కుటుంబాల లోపలే దాచుకొచ్చిన రంగస్థల యుక్తులున్నాయి, ఏ దృశ్యానికి ఏ మోత, ఎవరు ఎక్కడ నిలబడి చెయ్యాలి అన్నవి. వాటిని ఎవరైనా కూర్చుని క్యూ తర్వాత క్యూగా రాసిపెట్టాలంటే, సంఘటనకూ శబ్దానికీ ఉన్న సంబంధాన్ని రాయడం వృత్తిగా నేర్చినవాడే రాయగలడు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది, అదే ఊళ్ళో గేమ్ స్టూడియోలున్నాయి. మధ్యలో దారి వెయ్యడమే మిగిలింది.

మాస్టారు: దారి వేస్తే ఏం చేయిస్తావు? పోర్ట్‌ఫోలియోలో ఒక నాటకం పేరు చేర్చుకుని వెళ్ళిపోయే పిల్లల్ని నేను ఒప్పుకోను.

శిష్యురాలు: మొదట తన శబ్దాలు తాను చెయ్యడానికి ఒప్పుకోను. ఒక సెమిస్టరు, ఒక నాటిక. మొదటి సగం ఇతరులు చేసిన శబ్దాలతో ఆపరేటర్‌గా ప్రతి రిహార్సల్‌లో కూర్చోవాలి. ప్రతి క్యూ దగ్గరా ఆ రోజు ఎందుకు అప్పుడు నొక్కాడో రాసుకోవాలి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వస్తే ఆ తేడా రాసుకోవాలి. రెండో సగంలో ఆ నోటుపుస్తకం పక్కన పెట్టుకుని అదే సన్నివేశాన్ని చిన్న గేమ్‌గా కట్టాలి. గదిలో తిరిగేది ఇప్పుడు నటి కాదు, ముక్కూ మొహం తెలియని ఆడేవాడు. తాను మనిషిగా తీసుకున్న నిర్ణయాల్లో ఏవి నియమాలయ్యాయో, ఏవి కాలేదో, కానివి ఎందుకు కాలేదో అతను చూపించాలి. మార్కులు ఆ చివరి ప్రశ్నకే. నియమం కాలేని చోట ఏముందో చెప్పగలిగిన విద్యార్థికి మీరు మనోధర్మం అన్నది అర్థమైనట్టు.

మాస్టారు: పద్యనాటకంలో హార్మోనిస్టు స్థానంలో నీ పరికరం రాకూడదు. అది మాత్రం రాయించుకుంటాను.

శిష్యురాలు: రాయించుకోండి. నేనూ ఒకటి రాయిస్తాను. ఆ మొదటి సగం పాఠం చెప్పేది మేము కాదు, ఇన్నేళ్ళుగా పరిషత్తుల్లో మీట దగ్గర కూర్చున్న ఆపరేటరు, పద్యనాటకంలో హార్మోనిస్టు. వాళ్ళకు డిగ్రీ లేదని విశ్వవిద్యాలయం అభ్యంతరం పెడుతుంది. పెట్టినా సరే, అధ్యాపకుడికి ఇచ్చే జీతమే ఇవ్వాలి, బస్సు చార్జీతో సరిపెట్టకూడదు.

మాస్టారు: ఆ మాట కాగితం మీద ముందు రాయి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.